వీణ పక్కన వయోల డ గాంబా: ఏ తీగలు కట్టాలి, ఏ శ్రుతిలో కూర్చోవాలి

గాంబా పై మూడు తీగలకి సింథటిక్ గట్, కింది మూడింటికి లోహం చుట్టినవి, మెట్లకి మాత్రం అసలు గట్, అంటే పేగుతో పేనిన తీగ. 415 హెర్ట్జ్‌కి దిగే ట్యూనర్. సెంట్ల లెక్కన (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) జరిపే వీలున్న శ్రుతి పెట్టె. వీణకి కాస్త లావు సారణి, అంటే మొదటి తీగ. వీణతో కలిసి వేదికెక్కబోయే వయోల డ గాంబా వాళ్లకి మా సిఫారసు ఇదీ. దొరికే రకాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎందుకు నిలబడుతుందో, ఏది ఎక్కడ తేలిపోతుందో కింద రాస్తున్నాం.

గాంబా తెలియని వీణవాళ్ల కోసం రెండు ముక్కలు. 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్ దర్బారుల్లో, ఇళ్లలో మోగిన వాద్యం. మోకాళ్ల మధ్య నిలబెట్టి, అరచెయ్యి పైకి ఉండేలా కమాను పట్టుకుని వాయిస్తారు. చూపుకి చెల్లో చుట్టంలా కనిపిస్తుంది గానీ దీనికి ఆరు తీగలు, ఫ్రెంచి గాంబాకైతే ఏడు. మెడ చుట్టూ గట్‌తో ముడివేసి కట్టిన మెట్లు ఏడుంటాయి. ఆ మెట్లు చేత్తో జరపొచ్చు. ఈ జోడీ కుదిరేది ఆ వెసులుబాటు వల్లే. తీగల శ్రుతి కింది నుంచి డి, జి, సి, ఇ, ఎ, డి. డిని షడ్జమం చేసుకుంటే స, మ, ని, రి, ప, స వస్తాయి. శుద్ధ మధ్యమం, కైశికి నిషాదం, చతుశ్రుతి రిషభం. అంటే మెట్టు ముట్టకుండానే హరికాంభోజికీ ఖరహరప్రియకీ సగానికి పైగా స్వరాలు సిద్ధంగా ఉన్నట్టే. కళ్యాణికి మాత్రం మ, ని తీగలు విడిగా పనికిరావు, వాటి మీద మెట్టు నొక్కి వచ్చే స్వరాలే వాడుకోవాలి.

ఏ శ్రుతి

పాతకాలపు యూరప్ సంగీతం వాయించేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా ఎ = 415 హెర్ట్జ్ పట్టుకుంటారు. ఫ్రెంచి బాణీ వాళ్లు 392కి దిగుతారు. పియానో, హార్మోనియం 440. 415 అంటే 440కి అర స్వరం కింద. దాంతో గాంబా డి సరిగ్గా వచ్చి మన ఒకటిన్నర శ్రుతి (హార్మోనియం సి షార్ప్) మీద కూర్చుంటుంది, 138.6 హెర్ట్జ్ దగ్గర. గాత్రం తోడుంటే మగ గొంతుకి ఇది అనువైన శ్రుతే. ఇబ్బందల్లా వీణకి. రెండున్నర దగ్గర కట్టి ఉన్న వీణని ఒకటిన్నరకి దించితే తీగ బిగువులో ఐదో వంతు పోతుంది. సారణి వదులై మెట్లకి తగిలి జరజరలాడుతుంది, అలవాటైనంత లాగితే గమకం రావలసిన చోటికి రాదు.

దీనికి మూడు దారులు చెబుతుంటారు. గాంబాని 440కి పెంచడం ఒకటి. అప్పుడు డి రెండు శ్రుతి అవుతుంది. మోగే పొడవు 69 సెం.మీ. ఉన్న గాంబా మీద 0.70 మి.మీ. పై తీగ బిగువు దాదాపు 7.5 కిలోల నుంచి 8.4 కిలోలకి ఎక్కుతుంది. తీగ తెగదు గానీ ఆరు తీగలూ కలిపి పన్నెండు శాతం అదనపు బరువు పల్చటి పైచెక్క మీద పడుతుంది. పాత వాద్యమైతే ఆ ప్రయత్నమే వద్దు. 415లోనే ఉండి ఇ స్వరాన్ని షడ్జమం చేసుకోవడం రెండో దారి. శ్రుతి రెండున్నర అవుతుంది, వీణ హాయిగా ఉంటుంది. కానీ గాంబా మీద పంచమానికి విడి తీగ ఉండదు, షడ్జమానికి మధ్యలో ఒక్కటే ఉంటుంది. వాద్యం గొంతు సగం మూసేసినట్టు వినిపిస్తుంది. మూడోది గాంబాని ఉన్నచోట ఉంచి వీణ తీగలు మార్చడం. మా ఓటు దీనికే. వీణ తీగ ఖరీదు ఎంతని, మార్చడానికి పట్టే సమయం ఎంతని.

లెక్క ఇలా వేసుకోండి. మోగే పొడవు 84 సెం.మీ. ఉన్న వీణకి 31 నంబరు స్టీలు సారణి, అంటే 0.295 మి.మీ., రెండున్నర శ్రుతిలో సుమారు 3.7 కిలోల బిగువులో ఉంటుంది. ఒకటిన్నరకి దించితే మూడు కిలోలకీ కిందికి పోతుంది. 30 నంబరు వేస్తే 3.4 దగ్గర ఆగుతుంది, 29 వేస్తే నాలుగు కిలోలు దాటుతుంది. లాగి పలికించే వాళ్లకి 29, మీటు నాజూకుగా ఉండే వాళ్లకి 30. పంచమం, మందరం, అనుమందరం తీగల్ని కూడా అదే నిష్పత్తిలో పదో వంతు లావు చేయాలి. ఒక్క సారణి మార్చి ఊరుకుంటే మిగతా మూడూ వేలాడతాయి. పక్కన తాళానికి మీటే తాళపు తీగల్ని మరిచిపోకూడదు. వదులైన తాళపు తీగ మీటిన క్షణంలో శ్రుతి ఎక్కి, తర్వాత దిగుతుంది. పక్కన కమాను స్వరం నిలకడగా మోగుతుంటే ఆ ఎక్కిదిగడం చెవికి వెంటనే పట్టుబడుతుంది.

మృదంగం వాళ్లకి ఒకటిన్నర అని ముందే చెప్పాలి. తగ్గు శ్రుతి మృదంగం వేరే తెచ్చుకోవాలి, ఉన్నదాన్ని అంత దించితే కుడివైపు నాదం చచ్చిపోతుంది.

గాంధారానికి నాలుగు మిల్లీమీటర్లు

అసలు పేచీ ఇక్కడుంది. తంబూరా జీవాళి (తీగ కింద దూర్చే నూలు పోగు) బాగా అమరితే షడ్జమం తీగలోంచే అంతర గాంధారం వినిపిస్తుంది. ఆ స్వయంభూ గాంధారం షడ్జమానికి 386 సెంట్ల ఎత్తులో ఉంటుంది. పియానో లెక్కన, అంటే అర స్వరాలన్నీ సమానంగా ఉండేలా కట్టిన మెట్టు మీద అదే గాంధారం 400 సెంట్లు. తంబూరా ఒకటిన్నరలో మోగుతుండగా గాంబా ఆ మెట్టు నొక్కి నిలబెట్టిందంటే రెండు గాంధారాలూ సెకనుకి ఐదారు సార్లు కొట్టుకుంటాయి. వీణ మీద ఈ తేడా అంతగా బయటపడదు, మీటిన నాదం తగ్గిపోతుంది కాబట్టి. కమాను నాదం తగ్గదు.

పాత యూరప్ వాళ్ల దగ్గర దీనికి మందుంది. మీన్‌టోన్ పద్ధతిలో గాంధారాన్ని శుద్ధంగా ఉంచి, ఆ భారాన్ని పంచమాల మీద వేస్తారు. ఒక్కో పంచమం 702 సెంట్లకి బదులు 696.6 దగ్గర ఉంటుంది. తీగ వాద్యాలు నాలుగైదు కలిసి వాయించుకునేటప్పుడు ఆ ఐదు సెంట్ల లోటుని ఎవరూ పట్టించుకోరు. తంబూరా ముందు అలా కుదరదు. పంచమం తీగ పక్కన అది సెకనుకి ఒకసారికి కాస్త ఎక్కువగా ఊగుతుంది. నిలకడగా కూర్చోవలసిన ప అలా నెమ్మదిగా ఊగుతుంటే కర్ణాటక సంగీతం విన్న చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. యూరప్ శిక్షణలో పెరిగిన గాంబా వాద్యకారుడికేమో అదే ఇంటి వాసన. రిహార్సల్లో మాట పట్టింపులు మొదలయ్యేది చాలావరకు ఈ పాయింటు దగ్గరే. ఎవరి చెవీ చెడ్డది కాదు, అలవాటైన రాజీ వేరు, అంతే.

మా పద్ధతి: మీన్‌టోన్ పక్కన పెట్టి, విడి తీగలన్నిటినీ తంబూరాకి శుద్ధంగా చేయండి. స, ప ముందు. ఆ తర్వాత స నుంచి మ, మ నుంచి ని, ప నుంచి రి. ఇక మెట్లు. 69 సెం.మీ. పొడవు మీద నాలుగో మెట్టు పియానో లెక్కన పైగట్టు (బిరడల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి 142.3 మి.మీ. దూరంలో ఉంటుంది. శుద్ధ గాంధారానికి 138 దగ్గరికి రావాలి, అంటే బిరడల వైపు నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. ఏడో మెట్టు 229.5 నుంచి 230కి, అర మిల్లీమీటరు మాత్రమే. నాలుగో మెట్టు జరిపాక డి తీగ మీద గాంధారం, జి మీద చతుశ్రుతి ధైవతం, ఎ మీద కాకలి నిషాదం మూడూ ఒక్కసారే కుదురుతాయి. శంకరాభరణం ఆ క్షణాన వెలుగుతుంది.

ఒక్కచోట మాత్రం మోసం ఉంది. సి తీగ మీద అదే మెట్టు నొక్కితే రావలసిన రిషభం 22 సెంట్లు తక్కువగా వస్తుంది. ఆ రిషభం కోసం సి తీగ ముట్టకండి. విడిగా ఉన్న ఇ తీగ కానీ, డి తీగ మీద రెండో మెట్టు కానీ వాడండి. స్వరం రాసుకునే కాగితం మీదే ఆ వేళ్ల గుర్తులు వేసుకోవాలి, వేదిక మీద గుర్తు రాదు.

మెట్టు కట్టడం వీణ మేళం కట్టడం (మైనంలో మెట్లు కూర్చడం) అంత పెద్ద పని కాదు గానీ చేయి తిరగాలి. మొదటి మెట్టుకి ఒక మి.మీ. లావు గట్, అక్కణ్నుంచి ఒక్కో మెట్టుకీ సన్నం చేస్తూ ఏడోదానికి 0.8 దగ్గరికి. 25 సెం.మీ. ముక్క కోసి, మెట్టు ఉండవలసిన చోటుకి కాస్త పైన, మెడ సన్నగా ఉన్న దగ్గర ముడి వేస్తారు. కొసలు నాలుగైదు మి.మీ. వదిలి కత్తిరించి, అగ్గిపుల్లతో కాల్చి బుడిపె కట్టేలా చేస్తారు. ఆ బుడిపే ముడిని జారనివ్వదు. తర్వాత మెట్టుని రెండు వైపులా సమంగా నెడుతూ కిందికి దింపితే, మెడ లావెక్కే కొద్దీ అది తనంతట తానే బిగుస్తుంది. నైలాన్‌తో కట్టినవి చెక్క మీద జారిపోతాయి, అందుకే మెట్లకి అసలు గట్ అన్నాం. ఏసీ గాలికి మెడ చెక్క ఎండి కుంచించుకుంటే గట్ మెట్టు కూడా వదులవుతుంది. మడిచిన సన్నటి కాగితం ముక్క మెడ వెనక దూర్చితే ఆ పూట గడుస్తుంది.

తీగల సెట్లు

అసలు గట్ తీగ గొర్రె పేగుతోనో పశువు పేగుతోనో పేనుతారు. నాదం విషయంలో దానికి పోటీ లేదు. కమాను తాకగానే వచ్చే ఆ సన్నటి గరగర, వెనకే విచ్చుకునే నాదం, మీటిన వీణ తీగ మొదటి క్షణంతో చక్కగా అతుక్కుంటాయి. సారంగి ప్రధాన తీగలు కూడా గట్‌వే కాబట్టి హిందుస్తానీ చెవికి ఇది కొత్త కాదు. చిక్కు గాలిలో తేమతో. తేమ పీల్చుకోగానే గట్ ఉబ్బుతుంది, ఆరితే మళ్లీ సన్నబడుతుంది, రెండు వైపులా శ్రుతి కదులుతుంది. వీణ స్టీలు తీగకి తేమతో పట్టింపు లేదు, అది వేడికి దిగుతుంది. ఒక వాద్యం ఏసీకీ వానకీ, రెండోది లైట్ల వేడికీ కదులుతుంటే మధ్యలో తంబూరా ఒక్కటే కదలకుండా కూర్చుంటుంది. తడి వాతావరణంలో, జనం నిండిన హాల్లో, తలుపులు తీసి మూస్తున్న చోట అసలు గట్ పై తీగ పాటకొకసారి బిరడ తిప్పిస్తుంది. రికార్డింగ్ గదికీ, చిన్న గదిలో బైఠక్‌కీ అసలు గట్ కొనండి. పెద్ద వేదికకి వద్దు. ఖరీదూ ఎక్కువే, ఆయుష్షూ తక్కువే.

కొన్నా, కాపాడుకోవడం తెలియాలి. మెట్లు ఒరుసుకునే చోట పై తీగ నుంచి వెంట్రుకల్లా పోగులు లేస్తాయి. వాటిని లాగకండి. లాగితే ఆ పోగు తీగ పొడవునా చీలుకుంటూ పోతుంది. గోళ్లు కత్తిరించే కత్తెరతో మొదలంటా కత్తిరించి, చుక్క బాదం నూనె వేలికి రాసుకుని ఆ చోట తుడవాలి. కమాను నడిచే భాగానికి నూనె తగిలిందా, ఇక కమాను జారిపోతుంది.

సింథటిక్ గట్‌లో ముందు చెప్పుకోవలసింది ఇటలీలోని అక్విలా వాళ్ల నైల్‌గట్. దాని గొప్పతనం సాంద్రతలో ఉంది. గట్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.3 గ్రాముల దగ్గర. నైల్‌గట్‌ది కూడా అంతే, కాబట్టి 0.70 గట్ తీసేసిన చోట 0.70 నైల్‌గట్ వేస్తే గుర్రం (తీగల్ని మోసే చెక్క) మీది గాడి, పైగట్టు గాడి ఏదీ మార్చనక్కర్లేదు, బిగువూ మారదు. మామూలు నైలాన్ సాంద్రత 1.14 కాబట్టి అదే స్వరానికి 0.75 వేయాలి. లావైన నైలాన్ మీద కమాను పట్టు నిలవదు, నాదం మొద్దుగా ఉంటుంది. దాని గురించి ఇంతకన్నా రాయడం దండగ. ఫ్లోరోకార్బన్ 1.78, 0.60 సరిపోతుంది. అంత సన్నగా ఉండడం ల్యూట్ లాంటి మీటే వాద్యానికి వరం. వీణతో జోడీ కట్టేది ల్యూట్ అయితే పై తీగలకి ఇదే కొనండి. గాంబా మీద మాత్రం కమాను కాస్త ఏమరితే ఈలలేస్తుంది, తారస్థాయిలో గాజు మీద గీసినట్టుంటుంది.

సింథటిక్ గట్‌తో వచ్చే తలనొప్పి సాగడం. కొత్తగా వేసిన తీగ మూడు నాలుగు రోజులు సాగుతూనే ఉంటుంది. కచేరీ ముందు రోజు సెట్ మార్చేవాళ్లు కోరి కష్టాలు తెచ్చుకుంటున్నట్టే. కనీసం వారం ముందు వేసి, రోజుకి నాలుగైదు సార్లు శ్రుతికి లాగి వదిలేయాలి. రెండోది, ఇది గట్ కన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి బిరడకి ఎక్కువ చుట్లు పడతాయి. చుట్లు బిరడ పెట్టె గోడకి ఒరుసుకుంటే అక్కడే తెగుతుంది. మూడోది, పైగట్టు గాడి అంచు పదునుగా ఉంటే గట్ ఓర్చుకుంటుందేమో గానీ ఇది ఓర్చుకోదు. గాడిని బిరడల వైపుకి వాలుగా నున్నగా రుద్దించి, మెత్తటి పెన్సిల్ ముల్లు రెండు మూడు సార్లు ఆడించాలి. ఆ గ్రాఫైటు తీగని జారనిస్తుంది. బిరడ తిప్పినప్పుడు తీగ కాసేపు కదలకుండా ఉండి టక్కున దూకుతోందంటే తప్పు బిరడది కాదు, ఈ గాడిది.

నాదంలో నైల్‌గట్ గట్‌కి కూతవేటు దూరంలో ఉంది. గట్ మీద మెల్లగా మొదలెట్టిన స్వరం ఎటు విచ్చుకుంటుందో ముందే తెలియదు, దీని మీద అన్నీ ఒకేలా విచ్చుకుంటాయి. రెండు గంటల కచేరీలో శ్రుతి నిలవడానికి చెల్లించే మూల్యంగా ఇది ఎక్కువేం కాదు.

కింది మూడు తీగల సంగతి వేరు. లోహం చుట్టిన తీగలు యూరప్‌లో 1660ల నుంచి వాడుకలోకి వచ్చాయి. అంతకు ముందు మంద్రానికి కూడా తాడులా లావుగా పేనిన గట్టే ఉండేది. చరిత్రకి కట్టుబడి ఆ లావు గట్ కట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒంటరిగా వింటే ముచ్చటగానే ఉంటుంది. వీణ అనుమందరం పక్కన, మృదంగం తొప్పి పక్కన మాత్రం అది ఆనవాలు లేకుండా పోతుంది. వెండో రాగో చుట్టినవి వేసుకోండి. కొత్తలో అవి మరీ గట్టిగా మెరిసి పలుకుతాయి, కొన్ని గంటలు వాయించాక దారికొస్తాయి. వేళ్ల చెమట చుట్ల మధ్యలో చేరకుండా ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవాలి. చుట్టు వదులై గిలకలా మోగడం మొదలెట్టిందంటే ఆ తీగ పని అయిపోయినట్టే, బాగుచేసే ఉపాయం లేదు. కమానుకి రాసే రోజిన్ విషయానికొస్తే, తడి గాలిలో గట్టి రకం, పొడి చలిలో మెత్తటి రకం.

ట్యూనర్, శ్రుతి పెట్టె

బిరడకి తగిలించే క్లిప్ ట్యూనర్లు చాలావరకు ఒక సెంటు తేడాని చూపిస్తాయి, అది చాలు. స్ట్రోబ్ రకం పదో వంతు సెంటు దాకా వెళ్తుంది. మెట్లు జరిపే రోజు దానికి సాటి లేదు, వేదిక మీద మాత్రం దాని నాట్యం చూస్తూ కూర్చుంటే సమయం దండగ. కొనేముందు ఒక్కటి చూడండి: ఆధార శ్రుతి 415కి దిగుతుందా. చవక రకాలు చాలా 430 దగ్గరే ఆగిపోతాయి. అలాంటిది చేతిలో ఉంటే 440లోనే ఉంచి, డి తీగకి సి షార్ప్ చూపించేలా చేసుకోవచ్చు, ఫలితం అదే.

ట్యూనర్ ముల్లు పియానో లెక్కలో మాట్లాడుతుంది. దాన్ని మన స్వరాల్లోకి తిప్పుకునే లెక్క ఇది, షడ్జమం సున్నా మీద ఉంటే: పంచమం 2 ఎక్కువ, శుద్ధ మధ్యమం 2 తక్కువ, చతుశ్రుతి రిషభం 4 ఎక్కువ, కైశికి నిషాదం 4 తక్కువ, అంతర గాంధారం 14 తక్కువ, చతుశ్రుతి ధైవతం 16 తక్కువ, కాకలి నిషాదం 12 తక్కువ, సాధారణ గాంధారం 16 ఎక్కువ. ఇవి నిలిపి పలికే స్వరాలకి మాత్రమే. తోడి గాంధారం ముందు ట్యూనర్ పెట్టి ఎవరైనా వాదించబోతే ఆ ట్యూనర్ లాక్కోండి.

శ్రుతి పెట్టె, ఫోన్ యాప్ ఏదైనా సరే, అర స్వరాల మెట్ల మీద మాత్రమే కదిలేది కొనకండి. గాంబా వాళ్లు ఎ = 415 పట్టుకుని కిందికి శ్రుతి చేసుకుంటారు. వాళ్ల డి మీన్‌టోన్‌లో 138.8 దగ్గర, శుద్ధ పంచమం లెక్కన 138.3 దగ్గర తేలుతుంది. ఆ ఐదు సెంట్ల తేడాని సర్దే గుండీ పెట్టెకి ఉండాలి. ఇంకా మేలైన పని, ఎ స్వరాన్ని మరిచిపోయి ముందు డి తీగని తంబూరాకి కలిపి, మిగతావన్నీ దాన్నుంచి చేయమనడం. మొదట్లో గొణుగుతారు, రెండో రిహార్సల్‌కి అలవాటైపోతుంది. ఫోన్ సొంత స్పీకర్‌లో 138 హెర్ట్జ్ సరిగా పలకదు, పై అనుస్వరాలే (ఓవర్‌టోన్లే) వినిపిస్తాయి. శ్రుతి చూసుకోవడానికి పర్వాలేదు గానీ వేదికకి బయటి స్పీకర్ తప్పదు. తంబూరా వేసే మనిషి దొరికితే పెట్టె గొడవే లేదు.

వీటి మీద ఏం పలుకుతుంది

ఏ సెట్ కొన్నా పరీక్షకి ముత్తుస్వామి దీక్షితార్ నోట్టుస్వరం ఒకటి తీసుకోండి. యూరప్ బాణీల మీద సంస్కృత సాహిత్యం, శంకరాభరణ స్వరాలు, గమకం దాదాపు లేదు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ ఆ రోజుల్లోనే మద్రాసు వైపు ఒక యూరోపియన్ దగ్గర ఫిడేలు నేర్చుకుని మన సంగీతానికి తెచ్చారు. ఫిడేలుకి మెట్లు లేవు కాబట్టి స ప స ప అని శ్రుతి మార్చుకుని ఇక్కడి గమకంలో ఒదిగిపోయింది. గాంబా అప్పటికే యూరప్‌లో మూలకి చేరింది. దాని చివరి పేరున్న విద్వాంసుడు ఆబెల్ 1787లో పోయాడు. లేకుంటే మన కచేరీల్లో ఇప్పుడు ఏది ఉండేదో.

నోట్టుస్వరంలో గాంధారాలు కొట్టుకోకుండా నిలిస్తే మెట్లు కుదిరినట్టు. తర్వాత ఫోలియా లాంటి ఒకే బాస్ వరస తిరిగి తిరిగి వచ్చే రూపాలు. వాటి మీద అప్పటికప్పుడు కల్పన చేయడం యూరప్‌లో పాత విద్యే, 1553లో రోమ్‌లో డియేగో ఓర్తిజ్ దానికి పాఠాలు అచ్చువేశాడు. ఫోలియా 16 గతులు (బార్లు), ఒక్కో గతికి మూడు దెబ్బలు, మొత్తం 48. మృదంగానికి ఆది తాళం ఆరు ఆవర్తనాలు సరిగ్గా పడతాయి, లేదా మూడు దెబ్బల చాపు రూపకం పదహారు. వీణ కల్పన స్వరాలకి ఇంతకన్నా సుఖమైన నేల దొరకదు. కానీ ఫోలియాలో బాస్ సి మీదికీ ఎఫ్ మీదికీ వెళ్లినప్పుడు తంబూరా స, ప దానికి అడ్డు తగులుతాయి. అక్కడ పంచమం తీగ ఆపేసి షడ్జమాన్ని సన్నగా ఉంచాలి, లేదా ఆ పాటకి తంబూరానే ఆపాలి. రెండూ వినిపించాలని మొండికేస్తే ఎవరికీ న్యాయం జరగదు.

గమకం దగ్గర గాంబా ఆశలు తగ్గించుకోవాలి. ఏ తీగ కొన్నా ఇది మారదు. వీణ మీద స్టీలు తీగని పక్కకి లాగితే బిగువు ఒక్కసారిగా పెరిగి స్వరం ఎక్కుతుంది. గట్ అదే దూరం లాగినా మెత్తగా సాగి ఊరుకుంటుంది, స్వరం కదిలేది నామమాత్రం. జారు కోసం వేలు ఈడిస్తే ఒక్కో మెట్టు దగ్గరా బుడుంగుమంటుంది. ఏడో మెట్టు దాటాక మెట్లు లేవు కాబట్టి సి తీగ మీద మధ్యమం నుంచి పైకి, ఇ తీగ మీద ధైవతం నుంచి పైకి ఫిడేలులా జారొచ్చు. ఆ చోట్లు వెతుక్కుని ఆలాపన అల్లుకునే వాద్యకారుడు తెలివైనవాడు. ఫ్రెంచి గాంబా వాళ్లకి రెండు వేళ్లు ఆనించి చేసే సన్నటి కంపన ఒకటుంది, అది మన కంపితానికి చిన్న చెల్లెలు. మిగతా చోట్ల జీవస్వరాన్ని నిలిపి, కదలికని వీణకి వదిలేయడమే అందం. వరాళి, తోడి తలపెట్టకండి. మోహనం, హంసధ్వని, ఖరహరప్రియ చాలు.

మైకు గురించి క్లుప్తంగా. గుర్రానికి అతికించే కాంటాక్ట్ మైకు వీణకి సరే, గాంబాకి కమాను గీరుడు తప్ప ఏం మిగల్చదు. గాంబాకి చిన్న కండెన్సర్ మైకు, ముందు చెక్క మీది కోతలకి ఓ జానెడు దూరంలో. మిక్సర్ దగ్గర కూర్చున్నవాళ్లు అలవాటుగా 100 హెర్ట్జ్ కింద కోసేస్తారు. గాంబా కింది డి 69 హెర్ట్జ్, దాని మూలనాదం ఆ కోతలో పోతుంది. 60 దగ్గర పెట్టమనండి. తంబూరా మానిటర్‌లో ఇద్దరికీ వినిపించాలి, ఎదుటి వాద్యం కన్నా ఎక్కువగా.

కొనేటప్పుడు నంబర్లలో తికమక పడకండి. వీణ తీగల గేజిలో నంబరు పెరిగితే తీగ సన్నం. గట్ సెట్ల మీద కొందరు మిల్లీమీటర్లు వేస్తారు, కొందరు పి.ఎం. అని వేస్తారు. పి.ఎం. ఒకటి అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, 14 అంటే 0.70, నంబరు పెరిగితే లావు. విడి తీగలు తెచ్చుకునేటప్పుడు పై డి రెండు, ఎ ఒకటి, మెట్లకి ఒక మీటరు గట్, వీణ సారణి రెండు. పై డిలో ఒకటి ముందే వేసి సాగదీసి, తీసి చుట్ట చుట్టి పెట్టుకోండి. కచేరీ మధ్యలో తెగితే కొత్త తీగ సాగడం ఆగేదాకా సభ ఎదురుచూడదు.